అక్క ఇంటి దారి

“రూటర్ పాడైందని ఒప్పుకోవే!” అన్నాడు భర్త, కంచం ముందు కూర్చుంటూ.

“రూటర్ బాగానే ఉంది. మీ ఇద్దరి నస భరించలేకపోతున్నా,” అంది ఆమె.

“మరి ఫొటోలెందుకు పోవట్లేదమ్మా? ఊరందరి నెట్‌వర్కులూ బాగుచేస్తావు, మనింటిది గాలికొదిలేస్తావు,” అని కొడుకు దెప్పాడు.

నెట్‌వర్క్ ఇంజనీరైన ఆమెకు కారణం తెలుసు. కూతురు వేరే ఇంటికి మారినప్పుడు, ఇక్కడ తీసిన ఫొటోలన్నీ అక్కడి కంప్యూటర్‌కు చేరేలా రూటర్‌లో తన చేత్తో ఒక దారి రాసిపెట్టింది. “రోజూ మీ మొహాలు చూడొచ్చు,” అని కూతురు మురిసిపోయింది. పోయిన చలికాలంలో జబ్బు చేసి ఆ పిల్ల కన్నుమూసింది. ఆ ఇల్లు ఖాళీ చేశారు, కంప్యూటర్ ఆపేశారు.

పక్క రూటర్లు చెప్పగా తెలుసుకున్న దారులను, ఆ రూటర్లు మాయమవగానే ఈ రూటర్ మరిచిపోతుంది. మనిషి రాసిన దారిని మాత్రం మనిషే చెరపాలి. ఆఫీసులో అలాంటివి కబుర్లు చెబుతూనే చెరిపేస్తుంది. ఇక్కడ మాత్రం ఆమెకు చెయ్యి రాలేదు.

కొడుకు ఫోన్ చూపించాడు. నోరు తెరుచుకుని నిద్రపోతున్న తండ్రి ఫొటో ‘పంపుతోంది’ అంటూ ఇంకా తిరుగుతోంది.

“అక్క చూస్తే పడీ పడీ నవ్వేది,” అనేసి తలదించుకున్నాడు.

భర్త చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆమె చేతులు తుడుచుకుని లాప్‌టాప్ తెచ్చుకుంది.

“రూటర్ మార్చక్కర్లేదు. ఫొటోలు ఇంకా అక్క ఇంటికే వెళ్తున్నాయి. ఇకమీదట మనింట్లోనే దాచుకుందాం,” అంది మెల్లగా. “ఆ దారి ఇప్పుడే తీసేస్తున్నాను. మీరిద్దరూ వచ్చి నా పక్కన కూర్చోండి.”