మలుపు దగ్గర తీసిన ఫొటో

శనివారం సాయంత్రాలు లైబ్రరీ మేడమీద గదిలో ఫొటోల క్లాసు నడిపే ఆవిడను ఎదురుగా అందరూ మేడమ్ అనేవాళ్లు, వెనకాల మాత్రం కత్తెరమ్మ అనేవాళ్లు. ఎవరు ఏ ఫొటో తెచ్చి చూపించినా ఆవిడ రెండు చేతులూ చట్రంలా పట్టి, ఒక కన్ను మూసి, "ఈ పక్క కాస్త కోసేద్దామా?" అనడం అలవాటు. ఒక పత్రికాఫీసులో చాలా ఏళ్లు ఫొటోలు ఎంచే పని చేసి బయటికొచ్చిన మనిషి కావడంతో, మంచి ఫొటోకీ మంచిదనిపించే ఫొటోకీ తేడా ఇట్టే పట్టేసేది. అయినా ఎవరి మనసూ నొచ్చుకోనిచ్చేది కాదు. బాగున్నదేదో ముందు చెప్పాలి, మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పాలి, ఎక్కువ చెబితే ఏదీ బుర్రకెక్కదు అనేది ఆవిడ లెక్క. పూలు తప్ప మరొకటి తీయని పళ్ల డాక్టరమ్మా, తన పిల్లిని తప్ప మరొకటి తీయని లెక్కల మాస్టారూ ఏళ్ల తరబడి క్లాసు మానకుండా వస్తున్నారంటే అందుకే.

ఆ ఏడాది కొత్తగా చేరినాయన ఎవరో కాదు, కత్తెరమ్మ మామగారే. రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూచుని తన వంటకు వంకలు పెడుతున్నాడని విసిగిపోయి, అత్తగారే ఆయన మెడలో కొడుకు పాత కెమెరా తగిలించి కోడలి వెంట పంపించింది. ఇంట్లో కోడల్ని "అమ్మాయ్" అని పిలిచే పెద్దమనిషి క్లాసులో బుద్ధిగా చెయ్యెత్తి "మేడమ్" అంటుంటే అందరూ ముసిముసిగా నవ్వుకునేవాళ్లు.

ఆయన తీసేవన్నీ రైళ్లే. అన్నీ ఎంతో దూరం నుంచి తీసినవే. ఒక శనివారం ఆవిడ తన పద్ధతి ప్రకారమే చెప్పింది.

"వెలుతురు చక్కగా పట్టారు మామయ్యా. కాని రైలు చూడండి, అగ్గిపుల్లంత ఉంది. ఇంకొంచెం దగ్గరికి వెళ్లండి."

వెళ్లమని ఊరుకోలేదు. తన సంచీలోంచి వైడ్ లెన్సు తీసి ఆయన చేతిలో పెట్టింది. "దీంతో అటూ ఇటూ చాలా మేర పడుతుంది. ఎంత దగ్గరగా తీస్తే అంత బలంగా వస్తుంది బొమ్మ."

తరువాతి శనివారం ఆయన ఒకే ఒక్క ఫొటో తెచ్చాడు.

తెర మీద అది పడగానే గదిలో కుర్చీల కిరకిర కూడా ఆగిపోయింది. పొద్దుటి మంచు. రెండు పట్టాలూ తెర కింది అంచు నుంచి మొదలై కత్తుల్లా లోపలికి దూసుకుపోయాయి. మధ్యలో ఇంజను, దీపం వెలిగించుకుని, మలుపు తిరిగి నేరుగా చూసేవాళ్ల మీదికే వస్తోంది. పక్కన సిగ్నలు స్తంభం, అవతల నీళ్ల ట్యాంకు. పళ్ల డాక్టరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. లెక్కల మాస్టారు చప్పట్లు మొదలుపెట్టాడు, అందరూ అందుకున్నారు.

కత్తెరమ్మ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ కళ్లు ముందు కింది అంచు మీదికి వెళ్లాయి. కంకర రాళ్లు ఒక్కొక్కటీ పిడికిలంత కనిపిస్తున్నాయి. అంటే కెమెరా నేలకు బాగా దగ్గరగా, సరిగ్గా పట్టాల మధ్య ఉంది. తరువాత ఇంజను వైపు చూసింది. వైడ్ లెన్సులో ఏదైనా ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. అలాంటి లెన్సులోనే ఇంజను ఇంత పెద్దగా ఉందంటే, బటను నొక్కిన క్షణానికి అది ఆయనకు ఎంత దగ్గరలో ఉండి ఉంటుందో ఆవిడకు తెలిసిపోయింది.

"ఇంకా దగ్గరికి రానివ్వొచ్చు మేడమ్," అన్నాడు మామగారు, చప్పట్లకు మొహం విప్పారి. "రైళ్ల సంగతి నాకు తెలియంది కాదుగా."

అందరూ కత్తెరమ్మ వైపు తిరిగారు. బాగుందంటే ఈయన మళ్లీ వెళ్తాడు. ఇంతమందిలో, పెద్దాయన్ని, పట్టాల మీద ఎందుకు కూచున్నారని నిలదీయడానికి నోరు రాలేదు. వెతికి వెతికి ఒక వంక పట్టుకుంది.

"అంత బాగా రాలేదు మామయ్యా. ఫోకస్ కుదరలేదు. ఇంజను మొహం చూడండి, మసగ్గా ఉంది."

క్లాసు మొత్తం తెల్లబోయింది. ఇంజను నంబరు పలక మీది మేకులతో సహా కనిపిస్తోంది ఆ ఫొటోలో. మామగారు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని, తెర దగ్గరికి వెళ్లి, చాలాసేపు చూసి, "అవునా?" అన్నాడు. కోడలి మాట మీద ఆయనకంత గురి.

ఇంటికెళ్లే దారంతా ఆయన ఆ ఫొటోనే కెమెరాలో చూసుకుంటూ నడిచాడు. ఆవిడ భర్తతో సంగతి చెబితే, "నాన్నకు రైళ్ల దగ్గర ఒకరు జాగ్రత్తలు చెప్పాలా? రేపు సెలవేగా, తీరిగ్గా కూచుని మాట్లాడదాంలే," అన్నాడు. సరేననుకుంది కాని, నిద్ర సరిగా పట్టలేదు.

పొద్దున్నే లేచి చూస్తే మేకుకు కెమెరా సంచీ లేదు. వంటింట్లోకి పరుగెత్తింది. అత్తగారు టీ వడపోస్తోంది.

"మామయ్య ఏరి అత్తయ్యా?"

"ఫోకసేదో కుదరలేదట. సరిచేసుకొస్తానని తెల్లారీ తెల్లారకుండానే వెళ్లాడు. నువ్వే చెప్పావటగా?"

ఆ మాట వినగానే కత్తెరమ్మ చెప్పులు కూడా చూసుకోకుండా స్కూటరు తీసింది. సిగ్నలు స్తంభం, నీళ్ల ట్యాంకు, మలుపు: ఆ మూడూ ఒక్కచోట కనిపించేది ఊరి చివర రైలు గేటు అవతలే. పాల బండ్లను దాటుకుంటూ, మూసి ఉన్న షాపుల మధ్య నుంచి పోనిచ్చింది. గేటు దగ్గరికి చేరేసరికి అది దించి ఉంది. అంటే బండి వస్తోందన్నమాట.

స్కూటరు పక్కకు పడేసి, గేటు కింద నుంచి దూరింది. గేటు కాపలావాడు వెనక నుంచి కేకలేస్తున్నా వినిపించుకోలేదు. కంకర మీద పాదాలు జారుతున్నాయి. మంచులో ముందు సిగ్నలు స్తంభం కనిపించింది, తరువాత పట్టాల మధ్య ఒక మోకాలి మీద కూచున్న ఆకారం. కెమెరా కంటికి ఆనించుకుని మలుపు వైపే చూస్తున్నాడు.

"మామయ్యా! లేవండి!"

ఆయన తల తిప్పలేదు. "వచ్చావా అమ్మాయ్. కాసేపాగు. ఈసారి ఫోకస్ బాగా కుదిరింది."

పట్టాలు సన్నగా పాడడం మొదలుపెట్టాయి. మలుపులోంచి దీపం బయటికొచ్చింది. వెంటనే కూత, చెవులు చిల్లులు పడేలా.

"లేవండి మామయ్యా, వచ్చేసింది!"

"ఇంకా దూరముందిలే. నాకు కనిపిస్తోందిగా."

కనిపిస్తోంది, నిజమే. ఆ లెన్సులోంచి. అది అర్థమయ్యేసరికి ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. పట్టా దాటి లోపలికెళ్లి, అరచేత్తో లెన్సు మూసేసింది. ఆయనకు కళ్ల ముందు చీకటైంది. కోపంగా కెమెరా దించి చూశాడు. చూసేసరికి ఇంజను కొండలా ఉంది.

అప్పుడు ఎవరు ఎవర్ని లాగారో ఇద్దరికీ తెలియలేదు. కంకర గట్టు మీద దొర్లుకుంటూ వెళ్లి కింద ముళ్లపొదలో పడ్డారు. పైనుంచి బండి, బ్రేకుల కీచు చప్పుడుతో, పెట్టె తరువాత పెట్టె వెళ్తూనే ఉంది. వేగం తగ్గిందే కాని ఆగలేదు. చివరికి ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది.

మామగారు మోచేతులు గీరుకుపోయి, లేచి కూచున్నాడు. ముందు కోడల్ని పైనుంచి కిందిదాకా తడిమి చూసుకున్నాడు. తరువాత బండి వెళ్లిన వైపు చూస్తూ అన్నాడు:

"పాపం, ఆ డ్రైవరు."

"ఏంటి మామయ్యా?"

"మనల్ని చూశాడు. ఆ చివరి క్షణం దాకా చూశాడు. కిందికొచ్చాక మనం కనపడం వాడికి. బతికున్నామో లేదో తెలియదు. ఇవాళ వాడికి ముద్ద దిగదు అమ్మాయ్. ఎంత పని చేశాను!"

ఆవిడ మనసు చివుక్కుమంది. ఆయన తనను తాను తిట్టుకోవడం ఎన్నడూ వినలేదు. పక్కనే కూచుని, "ఇక్కడికే ఎందుకొస్తున్నారు మామయ్యా? ఊళ్లో ఇంకో చోట రైళ్లు లేవా?" అని మెల్లగా అడిగింది.

ఆయన ఒంటికి అంటుకున్న ముళ్లు ఒక్కొక్కటే తీసుకుంటూ చెప్పాడు. మీ ఆయన బడికెళ్లే రోజుల సంగతి, అన్నాడు. ఇదే మలుపు. ఇలాంటి పొద్దే. గోడలకు రంగులేసే ఒకతను భుజాన నిచ్చెన పెట్టుకుని పట్టాలు దాటుతున్నాడు. కూత విని తల తిప్పాడు.

"నన్ను చూశాడు. చూసి కూడా కదల్లేదు. నా తప్పేం లేదని ఆఫీసువాళ్లు తేల్చారు, మీ అత్తయ్యా అదే అంది. అది కాదు నేనడిగేది. వాడెందుకు కదల్లేదు? నేనింకా దూరంగా ఉన్నాననుకున్నాడా? ఇక్కడ కూచుంటే వాడికి నేనెంత దూరంలో కనిపించానో తెలుస్తుందనుకున్నా. కలలో వస్తాడు. దూరం నుంచే కనిపిస్తాడు, బోలెడంత టైముంటుంది, నా చెయ్యి మాత్రం బ్రేకు దాకా వెళ్లదు."

కత్తెరమ్మకు ఇప్పుడు కూడా తప్పించుకుంటే ఇక చెప్పే రోజు రాదనిపించింది.

"మామయ్యా, నిన్న నేను అబద్ధమాడాను. మీ ఫొటోలో ఫోకస్ బ్రహ్మాండంగా కుదిరింది. నా క్లాసులో అంత మంచి ఫొటో ఎవరూ తేలేదు. మీరు మళ్లీ వెళ్తారని భయపడి ఆ వంక పెట్టాను."

ఆయన తలెత్తి చూశాడు. "మరి ఆ మాటే చెప్పొచ్చుగా? పట్టాల మీద కూచోవద్దని తిడితే వినేవాణ్ని."

"వినేవారా?"

"వినేవాణ్ని కాదులే," అన్నాడు ఆయన ఇంకో ముల్లు పీక్కుంటూ. "అయినా తిట్టాల్సింది."

"ఇప్పుడు నిజం చెబుతున్నా. ఈ లెన్సు దగ్గరున్నదాన్ని దూరంగా చూపిస్తుంది. ఆ నిచ్చెనాయన కంటికి ఏం కనిపించిందో ఇది చెప్పదు, ఏ కెమెరా చెప్పదు. మీరు ఆయన నిలబడ్డ చోటు నుంచే తీస్తున్నారు. ఇంజనులో మీరు కూచున్న చోటు నుంచి ఒక్కటీ తీయలేదు."

ఆయన లేచి నిలబడి, "ముందు ఆ డ్రైవరు దగ్గరికి తీసుకెళ్లు," అన్నాడు.

ఆ బండి డ్రైవర్లు మారే పెద్ద స్టేషనులో వాళ్ల విశ్రాంతి గది ప్లాట్‌ఫాం చివర ఉంది. లోపల బల్ల ముందు ఒక కుర్రవాడు టీ గ్లాసు ముందు పెట్టుకుని తాగకుండా కూచున్నాడు. ముళ్లు గీరుకున్న ఈ ఇద్దర్నీ చూసి ముందు లేచి నిలబడ్డాడు. తరువాత ఆయన మెడలో కెమెరా చూశాడు. అంతే, నోటికొచ్చినట్టు తిట్టాడు. మనిషివేనా అన్నాడు, ఫొటో కోసం చస్తావా అన్నాడు, నీకు ఇంట్లో ఎవరూ లేరా అన్నాడు. మామగారు బళ్లో పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నాడు.

కుర్రవాడు ఆయాసపడి ఆగాక, "నేనూ డ్రైవర్నే బాబూ," అన్నాడు మామగారు.

"డ్రైవరై ఉండి చేశారా! మీకు తెలియదా అది ఎలా ఉంటుందో?"

"తెలుసు. తెలిసి చేశాను. అందుకే వచ్చాను, బతికున్నానని నీకు చూపించిపోదామని."

కుర్రవాడు ధబాల్న కుర్చీలో కూలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. మామగారు పక్కన కూచుని ఆ చల్లారిన టీ గ్లాసు తీసి అవతల పెట్టి, ఇంకోటి తెమ్మని కోడలికి సైగ చేశాడు. ఆవిడ టీతో తిరిగొచ్చేసరికి ఆయన నిచ్చెన మనిషి సంగతి చెబుతున్నాడు. కుర్రవాడు కళ్లు తుడుచుకుంటూ వింటున్నాడు.

ఇంజనులో ఎక్కడానికి అనుమతి అంత తేలిగ్గా రాలేదు. ఆ కుర్రవాడే పై అధికారుల చుట్టూ తిరిగాడు, పాత ఉద్యోగి అని చెప్పి ఒప్పించాడు. ఒక పొద్దున మామగారు మళ్లీ ఇంజను అద్దం వెనక నిలబడ్డాడు, మామూలు లెన్సుతో. ఎక్కేముందు కోడలితో, "చేతులు వణికితే?" అని అడిగాడు. "వణికితే బొమ్మ చెదురుతుంది. చెదిరినా తీయండి," అంది ఆవిడ.

ఆ శనివారం ఆయన ఫొటోలన్నీ వరసగా తెర మీద వేయించాడు. మొదటివన్నీ చెదిరిపోయే ఉన్నాయి. మలుపు మొదలయ్యే చోట ఎడమవైపు మట్టి గట్టు అడ్డంగా ఉంది. తరువాతి ఫొటోలోనూ గట్టే. ఆ తరువాతా గట్టే. ఇక దాదాపు మీదికి వచ్చేశాక, ఒక్కసారిగా పట్టాలూ, సిగ్నలు స్తంభం, ఆ నిచ్చెన మనిషి దాటిన చోటు.

"ఇందులో రైలేదండీ?" అన్నాడు లెక్కల మాస్టారు.

"నేను రైల్లోనే ఉన్నాగా," అన్నాడు మామగారు. తరువాత తెర వైపే చూస్తూ, కోడలికి మాత్రమే చెబుతున్నట్టు అన్నాడు: "చూశావా అమ్మాయ్. దూరం నుంచి కనపడే వీలే లేదు. వాడికి నేనూ, నాకు వాడూ, ఇద్దరం ఒకేసారి కనపడ్డాం. కదలడానికి వాడికీ టైము లేదు, నాకూ లేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పళ్ల డాక్టరమ్మ లేచి ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

కలలు వెంటనే ఆగిపోలేదు గాని, రావడం తగ్గిందని అత్తగారు చెప్పింది. ఆయన ఇప్పుడు ప్లాట్‌ఫాం మీదే ఉండి, డ్యూటీ దిగే డ్రైవర్ల మొహాలు తీస్తున్నాడు. మొట్టమొదట ఆ కుర్రవాడిదే తీశాడు. అది సరిగ్గా రాలేదు, టోపీ నీడ పడి కళ్లు కనిపించలేదు. కత్తెరమ్మ ఆ సంగతి అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గొణుక్కుంటూ మర్నాడు మళ్లీ వెళ్లాడు, టోపీ తీయించాడు.