తొలి పాకం ఉండ

"వదినా, అవ్వకు ఫోనియ్యి... కాదు కాదు, ముందు నువ్వే ఇను!"

ఇచ్చోడ నుంచి మా ఆడబిడ్డ సృజన. మూడో నెలట! నేను ఫోన్ చెవికి పెట్టుకునే గంతులేశాను. తన పిల్లలు అవ్వ అని పిలిచే మా అత్తమ్మ బాలలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుని నేరుగా బియ్యం డబ్బా దగ్గరికి నడిచింది. కడుపుతో ఉన్న బిడ్డకు తల్లిగారింటి అరిసెలు తీసుకుపోవాలి. ఈ ఇంటి ఆనవాయితీ అది.

"అలేఖ్యా, గీసారి పాకం నీతోని పట్టిస్త," అంది బియ్యం నానబోస్తూ.

హుజూరాబాద్‌లోని ఈ ఇంటికి నేను కోడలిగా వచ్చి రెండు నెలలు. వాకిట్లో బట్టలు ఆరేయడం కూడా ముచ్చటగా ఉండే రోజులు. పాకం అంటే మాత్రం భయం. ముదిరితే అరిసె రాయి, లేతయితే నూనెలో విడిపోతుంది. అందుకే ఆ సాయంత్రం మా ఆయన భానుప్రసాద్ బండి మీద కరీంనగర్ వెళ్లి, వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటర్ కొన్నాను. పొడుగాటి సూది, పైన చిన్న తెర. ఎంత వేడి కావాలో చెప్పి పెడితే, అక్కడికి చేరగానే పిట్టలా కూస్తుంది.

"జరమొచ్చిన పప్పుకు డాక్టరమ్మ దొరికింది," అని మా ఆయన దారి పొడుగునా ఏడిపించాడు.

ఇంటికి రాగానే చాయ్‌లో ముంచాను, తోడు పెట్టే పాలలో ముంచాను. అత్తమ్మ నవ్వుతూ పిడికిలి చాపింది. "నా చెయ్యి గూడ చూడు బిడ్డా!" సూదిని పిడికిట్లో పట్టించి అంకె చదివితే ఇద్దరం పడీపడీ నవ్వాం.

మరునాడు అత్తమ్మ గిర్ని నుంచి తడిపిండి పట్టించుకొచ్చే సరికే నేను పొయ్యి మీద బెల్లం కరిగించాను. సాయానికి పక్కింటి వనజక్క వచ్చింది. పిండి గిన్నె నా పక్కన పెట్టి, "కాళ్లు కడుక్కొని వస్త," అంటూ అత్తమ్మ పెరట్లోకి వెళ్లింది. అంతలో థర్మామీటర్ కూసింది. నేను ఆగలేదు. గిన్నె దించి, పిండి పోస్తూ వనజక్కతో కలిపించేశాను.

అత్తమ్మ ప్లేటు నిండా నీళ్లతో గుమ్మంలోకి వచ్చింది. పాకం చుక్క ఆ నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చుట్టి చూడాలని తెచ్చుకున్న నీళ్లు.

"అయిపోయిందా?"

"అయింది అత్తమ్మా! చూడండి, ఎంత బాగా కుదిరిందో!"

"బాలలక్ష్మక్కా, ఇగ నీ నౌకరీ ఊడినట్టే!" అంది వనజక్క.

అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను. అత్తమ్మ కూడా నవ్వి, ప్లేటులో నీళ్లు మల్లెచెట్టుకు పోసి వచ్చి, అరిసెలు ఒత్తడానికి కూర్చుంది. అరిసెలు బంగారంలా వచ్చాయి. ఒక్కటీ విడిపోలేదు.

రాత్రి అన్నాల దగ్గర భాను అడిగాడు. "పాకం ఉండ ఎట్లుండె? అవ్వ పెట్టింది గద?"

"ఏ ఉండ?"

అతని చెయ్యి ఆగింది. "కొత్త కోడలు మొదటిసారి పాకం పట్టిననాడు, నీళ్లల్ల చుట్టిన ఉండ అత్త తన చేత్తోని నోట్ల పెడ్తది. అవ్వకు మా నాయనమ్మ పెట్టిందట. మన పెండ్లయినకాంచి అవ్వది అదే ముచ్చట."

కంచం పక్కకు జరిపాను. చాపిన ఆ పిడికిలి గుర్తొచ్చింది. దాని వేడి ఎంతో చదివాను గానీ, నాకోసం ఏం దాచిందో అడగలేదు.

అత్తమ్మ అరిసెలను డబ్బాలో సర్దుతోంది. పక్కన కూర్చున్నాను. "అత్తమ్మా, నాకు తెల్వలేదు. మళ్లీ పాకం పడదామా?"

"పిండి ఒడిసింది బిడ్డా." మూత నొక్కి పెట్టింది. "అయినా మొదటిది ఒక్కసారే ఉంటది."

అత్తమ్మ లేచి బెల్లం డబ్బా ఊపి చూసింది.

"రేపు ఇచ్చోడ బస్సుకంటే ముందు సృజనకు పల్లిపట్టీలు చేద్దాం. గా పాకం నీళ్లల్ల కటుక్కుమంటది, ఉండ గాదు. అయినా చూపిస్త. పొద్దుగాల జల్ది లే, నీళ్ల ప్లేటు నువ్వే పెట్టు."