నేల నాచు

పక్షవాతం వచ్చి నా కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకేసారి పోయాయి. ముప్పై ఏళ్ళు తిరుపతి–నగరి బస్సులో కండక్టరుగా అరిచిన గొంతు ఇది. ఇప్పుడు ఏం చెప్పబోయినా "బా" తప్ప రాదు. ఎడమ చేతికి పలక ఇచ్చి చూశారు. పిచ్చిగీతలే పడ్డాయి.

మంచానికి ఎదురుగా నా చేపల తొట్టి. అందులో నాలుగు గప్పీలు, మధ్యలో చింత మొద్దు, సగం నీళ్ళలో, సగం పైన. పైసగం నిండా పచ్చటి నాచు. నీటి నాచు కాదది, చంద్రగిరి గుట్టల్లో వానాకాలం బండలకు పట్టే నేల నాచు. తెచ్చి, దారంతో కట్టి, మూడేళ్ళు పెంచాను. మొద్దు కిందనుంచి తడి పీల్చి దానికి అందిస్తుంది. ముంచితే మాత్రం చస్తుంది. ఈ ముక్క నా భార్య ప్రసన్నకుమారికి ఎన్నడూ చెప్పలేదు. ఆమెను తొట్టి ముట్టుకోనిస్తే కదా!

నేను ఆసుపత్రిలో ఉన్న పది రోజుల్లో తొట్టిలో నీళ్ళు తగ్గి నాచు కొసలు ఎండాయి. ఇంటికొచ్చిన మర్నాడు ఆమె చూసింది.

"అయ్యో, నీళ్ళందక ఎండిపోతా ఉండాది సూడు" అంటూ బిందెడు నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసింది. నాచు మునిగిపోయింది.

"బా! బా!" అన్నాను.

"దాహమా?"

తల అడ్డంగా ఊపాను.

"పక్క మార్సల్లా?"

మళ్ళీ ఊపి, ఎడమ చెయ్యి తొట్టివైపు చాపాను.

"ఓ, నాచా? నీళ్ళు సాల్లేదా?"

ఉన్న బలమంతా పెట్టి తల విదిలించాను.

"కోపం సేసుకోవద్దయ్యా, పోస్తా ఉండాను గదా" అని ఇంకో రెండు చెంబులు పోసింది.

తప్పు ఆమెది కాదు. నలభై ఏళ్ళుగా నేను తల విదిలిస్తే ఆమెకు ఒకటే అర్థం, చేసింది చాల్లేదని. కూరలో ఉప్పు దగ్గర్నుంచీ అంతే. అలా నేర్పింది నేనే.

ఆ తర్వాత రోజూ పడుకుని చూడటమే నా పని. పచ్చ నల్లబడింది, నలుపు గోధుమరంగయింది. దారం కిందనుంచి పోగులు పోగులుగా ఊడి తేలుతుంటే గప్పీలు పొడుస్తున్నాయి. ఒకరోజు ఏడుపొచ్చేసింది. ఆమె కళ్ళు తుడిచి నొప్పి మాత్ర వేసింది.

నెల తిరక్కముందే మొద్దు బయటికి తీసింది. నాచు కుళ్ళి ముద్దగా చేతికొచ్చింది. అది పట్టుకుని మంచం పక్కన కూలబడింది.

"నా వల్లనే సచ్చిపోయిందా? నిజం సెప్పయ్యా."

ఇన్నాళ్ళకు సరైన ప్రశ్న అడిగింది. అవునని ఒక్కసారి తలాడిస్తే చాలు.

తల అడ్డంగా ఊపాను. విదిలించకుండా, మెల్లగా.

"కాదంటావా?"

మళ్ళీ అలాగే ఊపాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. మాట పోయాక ఆమెకు సరిగ్గా అందిన నా మాట ఆ అబద్ధమొక్కటే.