రేగులగట్టు ఖాళీగా ఉన్న పూట

కరపత్రం నాలుగు పేజీలు. కాగితం ఎంత నున్నగా ఉందంటే ఫ్యాను గాలికి బల్ల మీద నిలవనంటోంది. శైలేందర్ దాని మీద స్టేప్లర్ పెట్టి మళ్లీ మొదటినుంచీ చదివాడు.

"మేఘాలకు పొరుగున ఉన్న పల్లె రేగులగట్టు. హైదరాబాదుకు మూడు గంటల దూరంలో వందేళ్ల నిశ్శబ్దం. ఉదయం పొగమంచు, సాయంత్రం సీతాఫలం చెట్ల కింద నెమళ్లు. మనుషుల అలికిడి ఎన్నడో ఆగిపోయిన ఈ గట్టు మీద, మీదంటూ ఒక ముక్క."

మొదటి మూడు వాక్యాలూ అతనివే. చివరిది అతనిది కాదు. కింద మాత్రం అన్నిటికీ కలిపి ఒకే పేరు వేశారు. పరిచయం: శైలేందర్.

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా అతనిది జిరాక్స్, ఫొటోల దుకాణం. అప్పుడప్పుడూ పత్రికకు వార్తలు రాస్తాడు. ఇల్లు మాత్రం గట్టు మీదే, రేగులగట్టులోనే. రోజూ బండి మీద దిగి, రోజూ ఎక్కుతాడు. ఆ ఊరి గురించి రాయమని ప్లాట్లు అమ్మే కంపెనీవాళ్లు అడిగినప్పుడు అతనికి కావలసింది పైసలు కాదు. అచ్చులో తన పేరు, దాని పక్కన తన ఊరు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. చూస్తున్నకొద్దీ కోపమొస్తోంది.

రేగులగట్టులో ముప్పై ఎనిమిది గడపలు. గట్టు మీద చదునుగా ఉన్న భూమి పట్టా, ఎప్పుడో ఊరు విడిచిన దొర వారసుల పేరనే ఉండిపోయింది. దున్నేదీ విత్తేదీ రాళ్లేరేదీ మాత్రం మూడు తరాలుగా ఊరివాళ్లే. ఆ వారసులు ఇప్పుడు భూమిని కంపెనీకి అమ్ముతామన్నారు. మేమిక్కడ ఉన్నాం, సాగు చేస్తున్నామని ఊరివాళ్లు దరఖాస్తు పెట్టుకున్నారు. ఎవరి మాట నిజమో చూడటానికి రెవెన్యూ ఆఫీసు నుంచి గిర్దావర్ గురువారం వస్తోంది. కంపెనీ ఈలోగా ఆ ఆఫీసులో ఒక వీడియో ఇచ్చింది. అందులో ఇండ్లున్నాయి, వీధులున్నాయి, బీళ్లలా కనిపించే చేన్లున్నాయి. మనిషి లేడు.

కోపమొచ్చిన మనిషికి ముందుగా ఒక ముఖం కావాలి. శైలేందర్ దివాకర్‌కు ఫోన్ చేశాడు. కంపెనీ తరఫున తిరిగేది దివాకరే.

"సార్, నేను రాసింది ఇది కాదు."

"ముప్పాతిక నీదే కదా శైలేందర్. బాగా రాశావు. మా ఆఫీసులో అందరూ అన్నారు."

"ఆడ మనుషులున్నరు సార్. పేర్లతోటి సహా రాసిచ్చిన."

"అక్కడే వచ్చింది ఇబ్బంది. ఇది చదివేవాడు కొనుక్కోవడానికి చదువుతాడు. ఎంకవ్వ జొన్నరొట్టె బాగా చేస్తుందని నువ్వు రాస్తే, ఆ ఎంకవ్వ ఎప్పుడు ఖాళీ చేస్తుందని నన్నడుగుతాడు."

"మరి గా వీడియో ఆఫీసుల ఎందుకిచ్చిన్రు?"

"తీయించింది నువ్వు. ఊరు ఖాళీగా ఉంది, ఖాళీగా పడింది. మేమేమన్నా మనుషుల్ని చెరిపేశామా?"

చెరపలేదు. అదే నిజం. శైలేందర్ ఫోన్ పెట్టేసి స్టేప్లర్‌ను గోడకేసి కొట్టాడు. ఆధార్ జిరాక్స్ కోసం వచ్చిన ముసలాయన గుమ్మంలోనే ఆగి, "మల్లొస్త బిడ్డా" అని వెనక్కి తిరిగాడు.

మూడేండ్లకోసారి, రోహిణి కార్తెలో ఒక ఆదివారం, రేగులగట్టు ఊరంతా వనానికి పోతుంది. పొద్దు పొడవకముందే పొయ్యిలు చల్లార్చి, బోళ్లు బోర్లించి, తలుపులకు తాళాలు వేయకుండా వేపకొమ్మలు కట్టి, పసిపిల్లలనూ మంచం పట్టినవాళ్లనూ గొడ్లనూ కోళ్లనూ కుక్కలనూ తీసుకొని గట్టు దిగుతారు. వాగు ఒడ్డున మామిడితోపులో వండుకొని తింటారు. అందరూ దిగాక ఊరిపెద్ద సిద్దిరాములు పొలిమేరకు అడ్డంగా బూడిదతో గీత గీస్తాడు. పొద్దు గూకేదాకా ఆ గీత ఎవరూ దాటకూడదు. మనుషులు లేరని చూసి ఊళ్లోని పీడ లేచిపోతుందట. ఎవడన్నా మధ్యలో లోపలికి పోతే అది వాని మెడకు చుట్టుకొని ఊళ్లోనే ఉండిపోతుందట.

ఆ రోజైతే బాగుంటుందని దివాకర్‌కు చెప్పింది శైలేందరే. "ఒక రోజుంది సార్, ఊరంత సాఫ్‌గ కనిపిస్తది." గొప్ప ఉపాయం దొరికినట్టు చెప్పాడు. ఇప్పుడు ఆ గొంతు తన చెవిలోనే వినిపిస్తుంటే దాని పీక పట్టుకోవాలనిపిస్తోంది. మామూలు రోజున కెమెరా తెస్తే ఏం కనిపిస్తుంది? దండేల మీద చిరుగుల చీరలు, ఇంటి ముందర పెంటకుప్పలు, పట్టపగలు తాగి అరుగు మీద పడుకున్న యాకూబు. కెమెరావాణ్ణి చూసి, "ఏందిర నా ముఖం, తీర్థంల బొమ్మనా?" అని తిట్ల దండకం ఎత్తుకునే మేనత్త ఎంకవ్వ. ఊరిని పదిమందికి చూపించాలనుకున్నాడు గానీ, ఊరివాళ్లను చూపించడానికి సిగ్గుపడ్డాడు.

ఆ వనం రోజున తోపులో అందరితో ఐసుగడ్డ తెస్తానని చెప్పి బయటపడ్డాడు. కామారెడ్డి నుంచి డ్రోన్ తెచ్చిన జోయల్‌ను వెంటబెట్టుకొని, వెనకవైపు గొడ్లబాట పట్టి ఊళ్లోకి నడిచాడు. అక్కడ బూడిద గీత లేదు. కాబట్టి తాను దాటింది ఏమీ లేదని ఆ పూట తనకు తాను చెప్పుకున్నాడు. ఇలాంటి లెక్కలు చెప్పుకోవడంలో మనసుకు ఎవరూ పాఠం నేర్పనక్కరలేదు.

ఆ తర్వాతి నెలలో ఊళ్లో రెండు బర్రెలు చచ్చిపోయాయి. ఎంకవ్వ కూతురు అనిలకు ఆరో నెల కడుపు పోయింది. బిడ్డకు మొదటినుంచీ గుండె సరిగా లేదని డాక్టర్ చెప్పింది. ఆ కాగితం శైలేందరే తన దుకాణంలో జిరాక్స్ తీశాడు, రెండుసార్లు చదివాడు. డాక్టర్ మాటే నిజమని అతనికి తెలుసు. తెలిసి కూడా ఆనాటి నుంచి అనిల ఎదురుపడితే సెల్ తీసి చూసుకుంటూ పక్కకు జరుగుతున్నాడు.

బుధవారం దుకాణం మూసి కామారెడ్డి పోయాడు. జోయల్ తన స్టూడియోలో పెళ్లి వీడియో ఒకటి కత్తిరిస్తూ కూర్చున్నాడు.

"అసలు ఫైల్ ఉందారా?"

"ఉందన్నా. తేది, టైము అన్ని దాంట్లనే ఉంటయి. కంపెనోల్లకు ఇచ్చినప్పుడు మొదటి నిమిషం కట్ చేసిచ్చిన."

"ఎందుకు?"

"నువ్వున్నవు గదనే అందుల."

జోయల్ చూపించాడు. డ్రోన్ లేస్తోంది. కింద వీధి మధ్యలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ నడుము మీద, తల కొంచెం వెనక్కి. ఒక్కో ఇంటినీ మెల్లగా కలియజూస్తున్నాడు, నచ్చిందో లేదో తేల్చుకుంటున్నట్టు. కొనడానికి వచ్చినవాడు అచ్చం అట్లాగే నిలబడతాడు.

"నేనున్న ముక్క తీసేసి ఇయ్యరాదు?"

"ఇస్త. గని మల్ల సేవ్ చేస్తె ఇయ్యాల్టి తేది పడ్తది. పాత తేది గావాలంటె మొత్తం ఇయ్యాలె."

"నీకు ఇంకో తొవ్వ తెల్వదా?"

"నా మీద ఎందుకు గరమైతున్నవే? నువ్వు రమ్మంటె వచ్చిన, ఎగిరెయ్యమంటె ఎగిరేసిన. నీ ఊరు, నీ పండుగ. నాకేం ఎరుక?"

శైలేందర్ ఫైలును ఫోన్లోకి ఎక్కించుకొని బయటికొచ్చాడు. దివాకర్ మీద కోపం, జోయల్ మీద కోపం, బస్సులో తన భుజం మీదికి ఒరిగి నిద్రపోతున్న మనిషి మీద కోపం. అన్నిటికంటే ఎక్కువ ఆ బూడిద గీత మీద. అదొక్కటీ లేకుంటే ఈ ఫైలు చూపించడానికి ఇంత ఆలోచన దేనికి? సగం దారి దాటాక ఇంకో మాట తోచింది. ఆ గీతను తాను నమ్మనే నమ్మడు. మరి నమ్మనివాడు ఎందుకింత వణుకుతున్నాడు?

గురువారం పదకొండింటికి గిర్దావర్ పద్మలత వచ్చింది. బడి వరండాలో కుర్చీ వేశారు. ఊరంతా చుట్టూ మూగింది. ఆమె తన ఫోన్లో కంపెనీ వీడియో పెట్టి సిద్దిరాములుకు చూపించింది.

"ఇది మీ ఊరేనా పెద్దాయనా?"

"మా ఊరే మేడం. వనానికి పోయినప్పుడు తీసిండ్రు. తలుపులకు వేపకొమ్మలు జూడుండ్రి."

"వేపకొమ్మ ఎప్పుడన్నా కడతారు. ఊరు ఊరంతా ఒక్కరోజు లేకుండా పోతదా?"

ఎంకవ్వ ముందుకొచ్చింది. "కోళ్లను గూడ తీస్కపోయినమమ్మా. మనుషులు లేని ఊర్ల కోళ్లన్న ఉంటయి గద? అందుల ఒక్క కోడి గనిపిస్తె నా మూడెకరాలు నీకే రాసిస్త."

అందరూ నవ్వారు. పద్మలత కూడా నవ్వింది, కానీ పెన్ను కాగితం మీద కదల్లేదు. "నువ్వు చెప్పేది నేను నమ్ముతనే ఉన్న అవ్వా. నా నమ్మకం కాగితం మీద రాస్తే పై ఆఫీసర్ ఊకుంటడా? దరఖాస్తు కోసమే మీరంతా వచ్చి కూసున్నరని కంపెనీ అంటది. ఏ తేదీన తీసిన్రో నాకు రుజువు కావాలె. లేకుంటే వాళ్ల వీడియోనే నిలబడ్తది."

"కిందికెల్లి ఎగిరేసినట్టున్నరు," అన్నాడు సిద్దిరాములు. "లోపటికైతె ఎవ్వడు రాలే. గీత గీసింది నేను. మా ఊరోడు ఎవ్వడు దాటడు మేడం. పానం బోయిన దాటడు."

ఆ మాట శైలేందర్‌కు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఇంత నమ్మకం పెట్టమని ఈ ముసలాయనను ఎవరడిగారు? భూమి పోతుంటే ఇంకా గీత గురించి గర్వపడుతున్నాడు. అరవాలనిపించింది. తాను అరిస్తే గీత మీద అరుస్తాడు, మూఢనమ్మకం మీద అరుస్తాడు, చదువు లేదని అరుస్తాడు. అన్నీ అరిచాక ఫోన్ మాత్రం జేబులోనే ఉండిపోతుంది. అంత వరకూ తన గురించి తనకు తెలుసు.

జేబులోంచి ఫోన్ తీసి పద్మలత ముందు పెట్టాడు.

"మేడం, అసలు ఫైల్ ఇది. తేది ఉన్నది. తీయించింది నేను."

ఆమె ఆడించింది. సిద్దిరాములు వంగి చూశాడు. ఎంకవ్వ కొంగుతో కండ్లద్దాలు తుడుచుకొని మరీ చూసింది. వీధి మధ్యలో, చేతులు నడుము మీద పెట్టుకొని, ఆమె మేనల్లుడు.

సిద్దిరాములు మెల్లగా తలపాగా విప్పి, దాన్నే చూస్తూ మళ్లీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"తేదీ సరిపోయింది," అంది పద్మలత. "ఆ రోజు ఊరోళ్లంతా ఎక్కడున్నరో, ఎందుకు లేరో, నువ్వెట్ల లోపలికొచ్చినవో అంతా రాసియ్యాలె. రాసిస్తవా?"

"రాసిస్త."

"ఐసుగడ్డ తెస్తనని పోయినవు," అంది ఎంకవ్వ.

"అబద్దం చెప్పిన అత్తా."

"నా బిడ్డ కడుపు గా తర్వాత్నే పోయె."

డాక్టర్ కాగితం మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది నిజమే. కానీ ఆ నిజాన్ని ఇప్పుడు బయటికి తీస్తే దాని వెనక దాక్కోవడానికే తీస్తాడు. పండ్లు బిగించి నిలబడ్డాడు. గుంపు వెనక అనిల ఉంది. ఈసారి పక్కకు జరగడానికి అతనికి చోటు లేదు.

"వీణ్ని ఊర్లకెల్లి ఎల్లగొట్టాలె," అని ఎవరో అన్నారు. "వీడే బర్రెల్ని మింగిండు," అని ఇంకొకరు. అరుగు దగ్గర్నుంచి యాకూబు, "నేను తాగితె పంచాయితి బెడ్తరు గదా, ఇగ వీనికి పెట్టుండ్రి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఎంకవ్వ చెయ్యి ఎత్తి అందరినీ ఆపింది. శైలేందర్‌కు ఎదురుగా వచ్చి, మెడ ఎత్తి, అతని ముఖంలోకి చూసింది. ఆమె గొంతులో తిట్టు లేదు. ఎప్పుడూ తిట్టే మనిషి తిట్టకపోతే వినడం కష్టం.

"అంత సేపు ఉన్నవు గద లోపట. ఒక్కటి చెప్పు. మేమెవ్వరం లేకుంటె ఊరెట్లుండె?"

అబద్ధం సులువుగానే దొరికింది. బోసిగా ఉండె, భయమైంది, మీరు లేకుంటె ఊరెక్కడిది అత్తా. ఏది చెప్పినా ఆమె నమ్మేది. కానీ ఆ పూట అతనికి గుర్తుంది. ఎండలో ఎర్రమట్టి గోడలు. ఎవరి దగ్గూ, ఎవరి ఏడుపూ, ఎవరి పిలుపూ లేదు. ఒక్కో గడప ముందూ ఆగి, గట్టు మీద ఇంత వెలుగు ఉందా అనుకున్నాడు. తన ఇంటి ముందు కూడా ఆగాడు. లోపల ఎవరూ లేనందుకు ఊపిరి హాయిగా ఆడింది. దివాకర్ కరపత్రంలో అచ్చువేయించిన ఆ చివరి వాక్యం తాను రాయలేదు. ఆ పూట అనుకున్నాడు మాత్రం.

"మంచిగుండె అత్తా," అన్నాడు. "చాన మంచిగుండె."

ఎంకవ్వ కండ్లు చిన్నవయ్యాయి. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె గిర్దావర్ వైపు తిరిగింది.

"రాయించుకో అమ్మా. ఇప్పుడు నిజమే చెప్తుండు, మల్ల బుద్ధి మారకముందే రాయించుకో."

"మల్ల వనానికి పోవాలె," అన్నాడు సిద్దిరాములు ఎవరివైపూ చూడకుండా. "అప్పటిదాక వీని చేతి నీళ్లు ఎవ్వరు ముట్టద్దు."

"ముట్టం తియ్యి. ముందు భూమి ముచ్చట కానీ," అంది ఎంకవ్వ.

పద్మలత తెల్లకాగితం ఇచ్చింది. శైలేందర్ వరండా మెట్టు మీద కూర్చొని మోకాలి మీద పెట్టుకొని రాయసాగాడు. చుట్టూ నిలబడ్డవాళ్ల కాళ్లు కనిపిస్తున్నాయి, పగుళ్లు, మట్టి, మెట్టెలు. వాళ్ల మీద అతనికి ఇంకా కోపంగానే ఉంది. ఇంత దగ్గరగా నిలబడ్డందుకు. నీళ్లు ముట్టమని అన్నందుకు. ఆ మాట అన్నాక కూడా అతన్ని వదిలిపెట్టి వెళ్లిపోనందుకు. సంతకం దగ్గర పెన్ను గుచ్చుకొని కాగితం చిరిగింది.

"మెల్లగ," అంది పద్మలత, ఇంకో కాగితం ఇస్తూ. "మొత్తం మల్ల రాయి."

అతను మళ్లీ మొదలుపెట్టాడు. రేగులగట్టులో ముప్పై ఎనిమిది ఇండ్లున్నవి, వాటిలో ఉండే మనుషుల పేర్లు ఈ కింద రాస్తున్నాను.