తెడ్డు చప్పుడు

ముందే చెబుతున్నాను, నా రాతలో తప్పులుంటాయి. మా ఆయన పోయాక, జుట్టు నెరిశాక నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. చదివేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

నేను చెప్పాలనుకున్నది మా అజిత గుండె ఆపరేషన్‌కు ముందు జరిగిన సంగతి. అజిత నా తోడికోడలు. మా మరిది సుగుణన్ భార్య. వయసులో నా కూతురంత ఉంటుంది. మా కేరళలోని వేంబనాడు సరస్సులో మేమిద్దరం ఒకే పడవ మీద గుల్లలు ఏరేవాళ్ళం. నీళ్ళలో మునిగేది తను, పడవ చూసుకునేది నేను.

బురదలో చేతులు ఆడుతున్నంతసేపూ మునిగిన మనిషికి కాలం తెలియదు. అందుకే మాలో ఒక కట్టుబాటు ఉంది. పైనున్న మనిషి తెడ్డుతో పడవ అంచు మీద కొట్టాలి. ఆ చప్పుడు వినపడ్డాకే కిందనున్న మనిషి పైకి రావాలి. ముందే తేలితే పక్క పడవలవాళ్ళు ఊరుకోరు. "ఏమే, చేప కరిచిందా? మొగుడు గుర్తొచ్చాడా?" అని సాయంత్రందాకా వెక్కిరిస్తారు. అజిత ఏనాడూ చప్పుడుకు ముందు తేలలేదు.

నిరుడు వానలు తగ్గాక ఒకరోజు, గుల్లల బుట్ట పైకి అందిస్తూ కళ్ళు తిరిగి పడవలోకి వాలిపోయింది. కోట్టయంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. గుండెలోంచి నెత్తురు ఒంట్లోకి పోయే దారిలో తలుపులాంటి వాల్వు ఒకటి ఉంటుందట. అందరికీ దానికి మూడు రెక్కలుంటే, అజితకు పుట్టుకతోనే రెండు. ఆ రెండూ ఇప్పుడు గట్టిపడి సరిగ్గా తెరుచుకోవడం లేదు.

"సున్నం పేరుకుపోయింది. దీన్ని తీసేసి కొత్తది పెట్టాలి" అంది డాక్టరమ్మ.

"ఇన్నేళ్ళూ గుల్లలు ఏరింది సున్నం బట్టీకే కదా డాక్టరమ్మా. కాస్త నాకూ ఉంచుకున్నాను" అంది అజిత.

డాక్టరమ్మకు నవ్వాలో వద్దో తెలియలేదు.

కొత్త వాల్వుల్లో రెండు రకాలున్నాయని, ఏది కావాలో ఆలోచించుకుని రమ్మని చెప్పింది. ఇనపది పెడితే చాలాకాలం ఉంటుంది. కానీ నెత్తురు గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర మింగాలి. ఆ మాత్ర మింగేవాళ్ళకు చెయ్యి తెగితే నెత్తురు ఒకంతట ఆగదు. రెండోది ఆవు గుండె పొరతో చేసింది. దానికి ఆ మాత్ర జీవితాంతం అక్కర్లేదు. కానీ పది, పదిహేనేళ్ళకు అది అరిగిపోతే మళ్ళీ కొయ్యాలి. అజిత వయసువాళ్ళకు ఎక్కువగా ఇనపదే పెడతామని కూడా అంది.

"ఇన్నాళ్ళూ కూరలో తిన్న ఆవును ఇప్పుడు గుండెలో పెడతారా?" అంది అజిత బయటికొచ్చాక. నవ్వుతూనే తన చేతులు చూసుకుంది. గుల్ల అంచులు కోసిన గీతలు ఆ చేతుల నిండా ఉన్నాయి. పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. ఇనపది పెట్టించుకుంటే ఇక నీళ్ళలో దిగడం ఉండదని అప్పటికే తనకు తెలిసిపోయింది.

ఆపరేషన్ లోపు చేయవలసిన పనులు చాలా చెప్పారు. బరువు ఎత్తకూడదు, నీళ్ళలో దిగకూడదు. పంటి చీము కొత్త వాల్వుకు పాకుతుందని రెండు పుచ్చు పళ్ళు పీకించారు. తాంబూలం మానిపించారు. మూడు బంతులున్న ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, ఊపిరితిత్తులకు బలం రావాలంటే రోజూ దానితో సాధన చేయమన్నారు. నేర్పడానికి నీతు అనే అమ్మాయి వచ్చింది. అజితను చేచ్చీ, అంటే అక్కా, అని పిలిచేది.

"గొట్టం నోట్లో పెట్టుకుని మెల్లగా పీల్చండి చేచ్చీ. బంతులు లేస్తాయి. కాస్త ఆపండి. నేను చెప్పగానే వదిలెయ్యండి."

మూడు బంతులూ ఒక్కసారే లేచాయి. "వదలండి" అనగానే వదిలింది.

"అమ్మో, ఇంత బాగా ఎవరూ చెయ్యరు!" అంది నీతు.

"ఇది పసిపిల్లల ఆట" అంది అజిత.

మర్నాడు ఇంటి అరుగు మీద కూర్చుని మొదలుపెట్టింది. నేను పక్కన కొబ్బరి తురుముతున్నాను. కళ్ళు మూసుకుంది. పీల్చింది. పట్టింది. నీళ్ళలో ఉన్నప్పుడు ఎలా బిగపడుతుందో అలాగే పట్టింది. నాకు ముచ్చటేసింది. గుండె చెడినా ఊపిరి చెడలేదు అనుకున్నాను. మెడ మీద నరాలు ఉబ్బాయి. పెదాలు పాలిపోయాయి. అప్పటికీ నాకు తట్టలేదు. డబ్బా జారి కింద పడిన చప్పుడుకు తలెత్తి చూసేసరికి అరుగు మీద పక్కకు ఒరిగిపోయి ఉంది.

నా కేకకు సుగుణన్ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. మేం వెల్లకిలా పడుకోబెట్టేలోపే కళ్ళు తెరిచింది. నా వంక కోపంగా చూసింది.

"ఏంటక్కా, కొట్టలేదేం?"

"ఏం కొట్టాలే?"

"ఇంతసేపూ నువ్వు కొడతావని చూస్తున్నాను."

సుగుణన్‌కు ఆ మాట అర్థం కాలేదు. నాకైంది. ఆసుపత్రిలో వదలమని నీతు చెప్పింది, వదిలింది. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు, వదల్లేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బిగబట్టి ముక్కితే ఈ గుండెకు చాలా ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగా కేకలేసింది. నీతు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"కాస్త ఆపమన్నానే గానీ ఇంతసేపా చేచ్చీ? కష్టంగా ఉందని మీ ఒళ్ళే చెబుతుంది కదా!"

"చెప్పిందమ్మా" అంది అజిత. "రెండేళ్ళ నుంచీ నీళ్ళ కింద చెబుతూనే ఉంది. రొమ్ములో ఎవరో పిడికిలి బిగించినట్టు ఉండేది. తెడ్డు చప్పుడు వినపడకుండా పైకి ఎలా వస్తాను?"

ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. తెలిసుంటే ముందే కొట్టేదాన్ని కదా అని ఆటోలో తిరిగొస్తూ అన్నాను. "అందుకే చెప్పలేదు" అంది.

తర్వాత రోజుల్లో డాక్టరమ్మ చెప్పిన మేరకు, కొద్దికొద్దిగానే చేసేది. పీల్చడం తేలికే. వదలడానికే కష్టపడేది. ప్రతిసారీ కళ్ళు నా వైపు తిరిగేవి. నేను మొహం తిప్పుకుని బాతుల్ని చూస్తూ కూర్చునేదాన్ని. వెనకాల తను ఊపిరి వదిలిన చప్పుడు వినిపించేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు.

వాల్వు సంగతీ నన్నే అడిగేది. "నువ్వు చెప్పక్కా, ఏది పెట్టించుకోను?"

ఇనపదే అని నా నాలుక చివరదాకా వచ్చింది. అజితను రెండోసారి కోతకు పంపడం నావల్ల కాదు. మళ్ళీ కోసేనాటికి నేను ఉంటానో ఉండనో. సుగుణన్ కూడా ఇనపదే అంటున్నాడు. కానీ తను నా మొహంలోకి చూస్తున్న చూపు, డబ్బా పట్టుకుని చూసే చూపూ ఒకటే. నేనొక మాటంటే చాలు, అదే ఖాయం చేసుకుంటుంది.

"పొయ్యి మీద గంజి పొంగుతోంది" అని లేచి వెళ్ళిపోయాను.

చివరికి డాక్టరమ్మ ముందు కూర్చున్న రోజున అజిత చెప్పింది, "ఆవుది పెట్టండి."

"మళ్ళీ ఆపరేషన్ తప్పకపోవచ్చు. అప్పుడు ఇంతకంటే కష్టం. బాగా ఆలోచించారా?"

"ఆలోచించాను."

"ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారు?"

"మా ఆయన ఇనపది అంటాడు. ఆయన నీళ్ళలో దిగడు. మా అక్క ఏమీ అనలేదు. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చాక ఆవిడ ఏమీ అనకపోవడం ఇదే మొదలు."

డాక్టరమ్మ ఈసారి నవ్వింది.

"లోతుకు పోను డాక్టరమ్మా. నడుములోతు చాలు. మీరు దిగమన్నాకే దిగుతాను. ఇక చాలని నాకు అనిపించగానే పైకొచ్చేస్తాను. నవ్వేవాళ్ళను నవ్వనీ. కానీ చెయ్యి తెగుతుందని భయపడుతూ ఒడ్డున కూర్చోలేను."

నేను ఆసుపత్రి కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆపరేషన్ అయింది. రొమ్ము ఎముక అతుక్కుని, తను లేచి తిరగడానికి చాలా రోజులు పట్టింది. నీళ్ళలో దిగడానికి డాక్టరమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఇనపదే మంచిదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. మొన్న చేపలు బాగుచేస్తూ ఉండబట్టలేక ఆ మాట పైకి అనేశాను.

"ఇప్పుడా చెప్పేది? ఆ పొలుసు సరిగ్గా గీకు, మళ్ళీ పంటికింద పడుతుంది" అంది అజిత.

కార్త్యాయని, అరవై తొమ్మిదేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది సరస్సు ఒడ్డున ముహమ్మ అనే ఊళ్ళో, అజిత ఇంట్లో.