ఆటుపోట్లు లేని సముద్రం

నార్మన్ థర్కెల్ మా పక్కింట్లో దిగిన గంటకే గోడ మీద నుంచి తొంగిచూసి, "మీ గేటు కీచుమంటోంది, కాస్త నూనె వెయ్యనా?" అని అడిగాడు. తన పేరు చెప్పలేదు, నా పేరు అడగలేదు. పర్లేదు లెండి అని నేను అంటుండగానే నూనెడబ్బాతో వచ్చేశాడు. వెనకాలే వాళ్ళావిడ గ్లెనిస్ వచ్చి, "ఏమనుకోకండి. ఈయన్ని కట్టేసే తాడు సామాన్లలో ఎక్కడో పడిపోయింది" అంది. అలా కలిసింది మాకు స్నేహం.

అప్పటికి నేను లాస్ అడెల్ఫాస్‌లో ఉండబట్టి తొమ్మిదేళ్ళు. నా భర్త పోయాక అందరూ ఇంగ్లండులో ప్రెస్టన్‌కి తిరిగి వెళ్ళిపొమ్మన్నారు గానీ నాకు కాలు కదల్లేదు. స్పెయిన్ దక్షిణాన అల్మెరియా దాటాక, కొండకీ సముద్రానికీ నడుమ తెల్లటి ఇళ్ళ వరసలు మావి. ఉన్నవాళ్ళలో ముప్పాతిక మంది ఇంగ్లండులోనో వేల్స్‌లోనో జీవితమంతా పనిచేసి, ఉన్న ఇల్లు అమ్ముకుని ఎండ కోసం వచ్చినవాళ్ళే. పొద్దున ఈత, తర్వాత ఎన్కర్నా బార్లో కాఫీ, మధ్యాహ్నం కునుకు, చల్లబడ్డాక గడ్డి మీద బంతులాట. ఇక్కడ ఏ రోజుకారోజు నిన్నటిలాగే ఉంటుంది. మాలో చాలామంది దానికోసమే వచ్చాం.

గ్లెనిస్ వచ్చింది మాత్రం తన చేతుల కోసం. ఇంగ్లండు రేవు ఊరు హల్‌లో బడి వంటింట్లో ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద గిన్నెలు ఎత్తిదించి, కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. పొడిగా, వెచ్చగా ఉండే చోటికి వెళ్ళమని డాక్టరు చెప్పాడట. వచ్చిన మొదటి ఎండాకాలం ఒక పొద్దున నన్ను గోడ దగ్గరికి పిలిచి, మెడ దాకా గుండీలు పెట్టుకున్న చొక్కా చూపించింది.

"చూడు ఐరిస్. అన్నీ నేనే పెట్టుకున్నా. ఇన్నాళ్ళూ ఆయనే పెట్టేవాడు, చంటిపిల్లకి పెట్టినట్టు."

ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. వెనక వసారాలో నార్మన్ ఒక కిటికీ తలుపు విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు. ఆ తలుపుకి ఏ రోగమూ లేదని నాకు తెలుసు.

అతను హల్ ఊరి పక్క హంబర్ నదీముఖంలో పడవ నడిపినవాడు. రేవులోకి వచ్చే పెద్ద ఓడలకి దారి చూపించే పైలట్లని ఒడ్డు నుంచి తీసుకెళ్ళి ఓడ ఎక్కించడం అతని పని. ముప్పై ఏళ్ళ పైన చేశాడు. ఆ పనికి గడియారంతో సంబంధం లేదు. పోటు వస్తే లేవాలి, నీళ్ళు తీస్తే పడుకోవాలి. అటువంటి మనిషి మా దగ్గర కుర్చీలో కూర్చోలేకపోయాడు. కాలనీలో కారే కుళాయిలన్నీ బాగుచేశాడు. అవి అయిపోయాక కారని వాటి మీద పడ్డాడు. చివరికి సరిగ్గా ఆగస్టులో ఈతకొలను పంపు విప్పేశాడు. లోపల ఉండాల్సిన రబ్బరు వాషర్ చిరిగిపోయింది, అలాంటిది ఊళ్ళో దొరకలేదు. వారం తిరిగేసరికి నీళ్ళు బఠాణీ సూపులా పచ్చబడ్డాయి.

మా సంఘం అధ్యక్షుడు పెల్హామ్, రిటైరైన పళ్ళ డాక్టరు, పంచాయితీకి వచ్చాడు.

"మిస్టర్ థర్కెల్, ఆ పంపు బాగానే పనిచేసేది కదండీ?"

"పనిచేసేది. కానీ గొంతులో ఏదో తేడా ఉండేది."

"పంపుకి గొంతేమిటండీ బాబూ! మనవలు వచ్చి కూర్చున్నారు, కొలనులో కప్పలు దిగాయి."

"కప్పలు ఈదుతున్నాయిగా. వాటికి లేని పట్టింపు మీకెందుకు?"

గ్లెనిస్ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. పెల్హామ్ మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత పంపు గదికి తాళం పడింది.

కొన్నాళ్ళకి నార్మన్‌ని ఒడ్డు మీద చూశాను. నీళ్ళ అంచున ఇసకలో ఒక పుల్ల గుచ్చి, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"నిన్న ఇక్కడే గుచ్చాను. మొన్నా ఇక్కడే. జానెడు కదిలింది, అదీ గాలికి. ఇదేం సముద్రం, ఐరిస్? స్నానాల తొట్టి."

"ప్రశాంతంగా ఉందిగా."

"మా హల్‌లో పొద్దున్న చూసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఉండవు. మైలు పొడవునా బురద తేలుతుంది. మళ్ళీ వస్తాయి, మూడు నిలువుల ఎత్తున. మంచంలో పడుకునే చెప్పేవాణ్ణి, ఇప్పుడు పోటు తిరిగింది అని. ఇక్కడ లేస్తాను, కూర్చుంటాను, ఎందుకు లేచానో తెలీదు. ఇది ఊపిరి తీసుకోదు." గొంతు తగ్గించాడు. "గ్లెనిస్‌తో అనకు."

నేను అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు, ఆమెకి తెలుసు.

రెండో ఏడు అక్టోబరులో ఒక పొద్దున బ్రెడ్డు తెస్తానని కారు తీసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నమైనా రాలేదు. గ్లెనిస్ నా దగ్గరికి వచ్చింది. అతని ఫోను ఆమె చేతిలోనే ఉంది, బల్ల మీద వదిలేసి వెళ్ళాడట. ఎన్కర్నాని అడిగితే బార్‌కి రాలేదంది. రొట్టెల కొట్టు వాళ్ళూ చూడలేదన్నారు. పెల్హామ్ పాత కోపమంతా మర్చిపోయి, పోలీసులకి కారు నంబరు చెప్పి, తన కారులో కొండదారంతా లోయల్లోకి చూసుకుంటూ తిరిగొచ్చాడు. గ్లెనిస్ మా వంటింట్లో కూర్చుని టీ కప్పు చుట్టూ చేతులు బిగించింది. ఒక్క గుక్క తాగలేదు.

చీకటిపడే వేళకి వాళ్ళింట్లో ఫోను మోగింది. ఇద్దరం పరుగెత్తాం. ఆమె ఫోను ఇద్దరికీ మధ్య పట్టుకుంటే అవతలి గొంతు నాకూ వినిపించింది.

"చిపియోనాలో ఉన్నాను."

"అదెక్కడ?"

"అట్లాంటిక్ వైపు. మనకి దగ్గర్లో ఆటుపోట్లున్న సముద్రం ఇదే. వెనక్కి వచ్చేద్దామనే అనుకున్నాను గ్లెనిస్, కానీ నీళ్ళు అప్పుడే తీస్తున్నాయి."

"మరి బ్రెడ్డు?" అంది గ్లెనిస్. అని ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే నా కారులో బయల్దేరాం. గ్లెనిస్‌కి డ్రైవింగు రాదు. మలగ ఊరు దాటాక అద్దంలోంచి బయటికి చూస్తూ అంది.

"ఈ వయసులో మొగుడు చెప్పకుండా వెళ్ళిపోతే ఎవత్తో ఉందనుకుంటారు. ఉంటే బాగుండేదనిపిస్తోంది ఐరిస్. జుట్టు పట్టుకునేదాన్ని. బురద జుట్టెలా పట్టుకోను?"

నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమే ముందు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

చిపియోనాలో దీపస్తంభం పక్కన, నీళ్ళు తగ్గినప్పుడు చేపలు లోపలే చిక్కుకుపోవడానికి ఎప్పుడో కట్టిన రాతిగోడలున్నాయి. అప్పుడు నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. నార్మన్ పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని ఆ గోడల మధ్య తిరుగుతున్నాడు. మమ్మల్ని చూసి, రమ్మని పిలిచిన చుట్టాలు వచ్చినట్టు చెయ్యి ఊపాడు. కారులో పడుకుని లేచినవాడి మొహం అలసిపోయి ఉండాలి. అతను మాత్రం పదేళ్ళు చిన్నవాడిలా కనిపించాడు.

గ్లెనిస్ తిట్టడానికి సిద్ధమై వచ్చింది. ఒడ్డున ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చెప్పులు విప్పి, నా భుజం పట్టుకుని బురదలోకి దిగింది.

"సరిగ్గా ఇప్పుడే నీళ్ళు తిరుగుతున్నాయి. అక్కడ చూడు, ఆ రాయి దగ్గర" అన్నాడు నార్మన్.

ముగ్గురం చూశాం. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత రాళ్ళ సందుల్లోంచి సన్నటి నీటిపాయ లోపలికి జరిగింది. దాని వెనక ఇంకొకటి.

"పెళ్ళై ఇన్నేళ్ళైంది, నీతో కలిసి ఒక్కసారీ ఇది చూళ్ళేదు. నువ్వు పడవలో, నేను వంటింట్లో" అంది గ్లెనిస్.

"చెప్పకుండా రావడం తప్పే."

"తప్పు సంగతి తర్వాత. నిజం చెప్పు, అక్కడ ఉండలేవా?"

నీళ్ళు మా మడమలు తాకాయి.

"ఉండాలని చూస్తున్నాను" అన్నాడు. "నీ చేతులు చూస్తున్నానుగా. హల్‌కి వెళ్దామని ఏ నోటితో అడగను?"

"పోనీ, ఇక్కడికి వచ్చేద్దామా?"

అతను ఆమె కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. సముద్రం మీది తేమగాలికి ఆమె వేళ్ళు అప్పటికే కాస్త వాచాయి. అతను చూశాడు, ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నీళ్ళు పిక్కల దాకా వచ్చాక ఒడ్డెక్కాం.

ఆ చలికాలమంతా నార్మన్ బుద్ధిగా ఉన్నాడు. బంతులాటలో చేరాడు. చర్చి పాటల బృందంలో వెనక వరసలో నిలబడి పెదాలు కదిపాడు. పెల్హామ్‌కి మంచివాడైపోయాడు. గ్లెనిస్ మాత్రం చిక్కిపోయింది.

"పంపు విప్పినప్పుడే నయం" అంది నాతో. "ఇప్పుడు నా మొహం చూసి మరీ కూర్చుంటున్నాడు. రోజంతా ఎదురుగా కూర్చుని, బాగానే ఉన్నాను అంటాడు. పిచ్చెక్కుతోంది."

ఏప్రిల్లో ఒకరోజు ఆమే అతని సూట్‌కేసు సర్ది వసారాలో పెట్టింది. నేను మధ్యలో ఎందుకని వెళ్ళిపోబోతే ఆగమంది.

"హల్‌లో మీ అక్కతో మాట్లాడాను. పైగది ఖాళీగా ఉందట. వెళ్ళు" అంది.

"ఎన్నాళ్ళకి?"

"నీకు విసుగొచ్చేదాకా. చలికాలం ఇక్కడికి రా."

"పెళ్ళాన్ని వదిలేసి పోయాడంటారు, గ్లెనిస్."

"అననీ. నేనే గెంటేశానని చెప్తాను, నాకూ కాస్త గొప్పగా ఉంటుంది."

అతను వంగి సూట్‌కేసు తాళం విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. విమానాశ్రయానికి నేనే దింపాను. దారిలో నా కారు బ్రేకుల గురించి తప్ప మరేమీ మాట్లాడలేదు.

కాలనీలో గుసగుసలు మొదలయ్యాయి. పెల్హామ్ భార్య ఎన్కర్నా బార్లో అందరి ముందూ అడిగేసింది, "విడాకులు తీసుకుంటున్నారా, పాపం?" అని.

"లేదమ్మా. ఆయనకి వాతావరణం పడలేదు. నాకు మొగుడు పడక కాదు. అంతే తేడా" అంది గ్లెనిస్, కాఫీలో పంచదార కలుపుకుంటూ.

ఆ మాట అనేసినంత తేలిగ్గా రోజులు గడవలేదు. నార్మన్ హల్‌లో పాత పడవలు బాగుచేసే వాళ్ళతో చేరాడు. రోజూ ఫోను చేసేవాడు, కానీ హంబర్‌లో పోటు నిండే వేళకి. ఆ వేళ ఏ రోజూ ఒకటిగా ఉండదు, రోజూ గంటకి కాస్త తక్కువ ఆలస్యమవుతూ ఉంటుంది. రెండ్రోజులు పొద్దున్న ఫోను, మరి రెండ్రోజులు భోజనాల దగ్గర, ఇంకో రెండ్రోజులు మధ్యాహ్నం కునుకులో. దాంతో గ్లెనిస్ రోజులకి ఒక పద్ధతి లేకుండా పోయింది. పాటల బృందం మానేసింది. బంతులాట మధ్యలో లేచి వెళ్ళిపోయేది. ఫోను వచ్చాక కూడా నిలకడ ఉండేది కాదు. ఒడ్డు వెంబడి చివరి ఇళ్ళ దాకా నడిచి వెళ్ళేది, తిరిగొచ్చి మళ్ళీ బయల్దేరేది.

జూన్‌లో తట్టుకోలేక హల్ వెళ్ళింది. పది రోజులన్నది కాస్తా వారం తిరక్కుండానే వచ్చేసింది.

"మూడో రోజుకే వేళ్ళు బిగుసుకున్నాయి" అని చెప్పింది. "కోటు గుండీలు ఆయనే పెట్టాడు. పెడుతూ ఈల వేస్తున్నాడు, ఐరిస్. ఆ ఈల విని ఎన్నాళ్ళైందో. ఇక్కడే ఉండిపోదాం, పోతే పోయాయి వేళ్ళు అనుకున్నాను. మర్నాడు టీ కప్పు చేతిలోంచి జారి వాళ్ళక్క తివాచీ మీద పడింది. ఆయన ఈల ఆగిపోయింది. ఇక ఉండలేకపోయాను."

వచ్చిన వారానికి ఇంటి ముందు 'అమ్మబడును' బోర్డు పెట్టించింది. నెల తిరక్కుండా పీకించింది. మళ్ళీ పెట్టించింది. ఇల్లు చూడటానికి వచ్చిన బెల్జియం దంపతులకి నిమ్మరసం ఇచ్చి, ఇక్కడ నీళ్ళు సరిగా రావని చెప్పి పంపేసింది.

"అసలు నీకేం కావాలి?" అని ఒకసారి కోప్పడ్డాను.

"ఆయన ఇక్కడ ఉన్నప్పుడు ఆయన్ని అక్కడికి పంపాలని ఉండేది. ఇప్పుడు అక్కడ హాయిగా ఉన్నాడని విన్న రోజు నిద్ర పడుతుంది, కానీ లేస్తే ఒళ్ళు మండుతుంది. హాయిగా ఉన్నాడా, నేను లేకుండా, అని. ఇదేం బుద్ధో చెప్పు" అంది.

నా భర్తని దూరంగా పంపి చూసే అవకాశం నాకు రాలేదు. అతను ఈ సముద్రాన్ని చూస్తూ సంతోషంగానే పోయాడు.

చలికాలానికి ఈ గురువారం నార్మన్ వస్తున్నాడు, మార్చి దాకా ఉంటాడు. బోర్డు ఇంకా గేటు పక్కనే ఉంది. పొద్దున్నించి వాళ్ళింట్లో బల్లలు లాగుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే గది మధ్యలో మంచం అడ్డంగా ఉంది, పరుపు గోడకి చేరేసి ఉంది.

"కిటికీ దగ్గర వేద్దామనుకున్నా" అంది ఆయాసపడుతూ. "వేశాక ఎండ కళ్ళలో పడుతుందేమోనని మళ్ళీ ఇటు లాగాను. ఇటు వేస్తే ఆయనకి ఊపిరాడదు. నువ్వేమంటావు?"

"కూర్చో ముందు. టీ పెడతాను."

"కూర్చోలేను, ఐరిస్. ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాను.