ఒక్క బోల్టు

చక్రం ఊడదీసిన చోట తల దూర్చి పడుకుని, అతను తుప్పు పట్టిన బోల్టు మీద మరోసారి డీజిల్ పోశాడు. కారిన చుక్క చెవి పక్కగా జారి మెడ కిందికి పోయింది. తుడుచుకోలేదు. పానా తగిలించి, కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. బండి ఊగింది గాని బోల్టు కదల్లేదు.

"మొండిదానా," అన్నాడు దానితో.

ఇంట్లో మనుషులతో కన్నా నట్లతో ఎక్కువ మాట్లాడతాడని వీధిలో అతని మీద ఒక మాట ఉంది. అసలు పేరు ఎవరూ వాడరు. అందరికీ అతను పానా.

ఆస్పత్రిలో నీళ్ళ పంపులు నడపడం అతని ఉద్యోగం. వాల్వు తిప్పుతాడు, ట్యాంకు నిండాక కట్టేస్తాడు. నీళ్ళు వస్తున్నంతకాలం అతనొకడున్నాడని ఎవరికీ తట్టదు. రాని రోజు మాత్రం అందరి నోళ్ళలోనూ అతనే. సెలవు దొరికితే ఈ పాత ఎస్‌యూవీ కింద దూరతాడు. తుక్కులో పోవాల్సినదాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. అద్దం చేత్తో పైకి లాగాలి. హారన్ కొడితే వైపర్లు కదులుతాయి. అయినా ఏనాడూ దాని మీద మెకానిక్ చెయ్యి పడనివ్వలేదు. ఇల్లూ అంతే. కుళాయికి దారం చుట్టాడు, ఫ్యానుకు ఒక్క స్పీడు మిగిల్చాడు, ఊడిన గొళ్ళేనికి మేకు దిగ్గొట్టాడు. "మా ఇంట్లో ఏదీ పాడైపోదు, ఏదీ బాగుపడదు," అని నవ్వేది భార్య. ఈమధ్య ఆ మాట నవ్వకుండా అంటోంది.

ఈసారి పని సరదాకి కాదు. అత్తగారి కోసం.

ఆవిడ తుంటి విరిగి బావమరిది ఇంట్లో మంచాన పడింది. బస్సులో ఒక పూట ప్రయాణం. చిన్నప్పుడే తల్లి పోయిన అతన్ని "తిన్నావా అబ్బాయ్?" అని అడిగిన మొదటి మనిషి ఆవిడే. అల్లుడుగారూ అని ఒక్కనాడూ పిలవలేదు. ఈ బండిని మొదటిసారి చూసి, "ఎక్కడానికి నిచ్చెన కూడా ఇచ్చారా?" అంది. మర్నాడే ఇనపపట్టీ కోసి తలుపు కింద మెట్టు బిగించాడు. మొన్న చూడబోతే అతని చెయ్యి పట్టుకుంది. ఎండుపుల్లలా ఉన్నాయి వేళ్ళు. "నన్ను అమ్మాయి దగ్గరికి తీసుకుపో, అబ్బాయ్. ఆ నీ ఏనుగులో పడుకోబెట్టి తీసుకుపో," అంది.

"తీసుకెళ్తా అత్తయ్యా," అన్నాడు.

అంబులెన్సు మాట్లాడదామంది భార్య. అతను ఒప్పుకోలేదు. అత్తగారు అడిగింది అతని బండిని. వెనక సీట్లు పీకేసి చెక్కపలక పరిచాడు. ఎదురింటి టైలరు చేత దానికి సరిపడా పరుపు కుట్టించాడు. గుంటలో పడ్డా తుంటి అదరకూడదని నాలుగు షాక్ అబ్జార్బర్లూ కొత్తవి తెచ్చాడు. మూడు బిగిశాయి. నాలుగోదాని దగ్గర కథ అడ్డం తిరిగింది.

తల దువ్వుకుని, చీర మార్చుకుని వచ్చి నిలబడింది భార్య.

"అయిందా?"

"ఒక్క బోల్టు. గంటలో బయల్దేరదాం."

"రాత్రి అమ్మ అన్నం ముట్టలేదట. తమ్ముడు చెప్పాడు. బస్సులో పోదాం పదండి. బండి సంగతి తర్వాత."

"బస్సులో పోయి ఏం చేస్తాం? చూసి రావడమేగా. ఆవిణ్ణి తీసుకురావాలి కదే."

"మీ ఇష్టం," అని లోపలికి పోయింది.

గంట తిరక్కుండానే బోల్టు తల తెగి అతని చేతిలోకి వచ్చింది. మిగతా ముక్క లోపలే ఉండిపోయింది. ఇక డ్రిల్లుతో తొలుచుకుంటూ పోవాలి. ఎదురింటి నుంచి టైలరు అంతా చూస్తూనే ఉన్నాడు.

"పానా, ఈ ఒక్కసారికీ ఆ మెకానిక్‌ని పిలవరాదూ?"

"వాడొస్తే సుత్తితో మాట్లాడతాడు. వద్దులే."

ఇనుము పొడి కళ్ళలో పడుతోంది. భుజం పీకుతోంది. భోజనానికి పిలుపొస్తే "చేతులిలా ఉన్నాయి, తర్వాత," అన్నాడు. బస్సెక్కి వెళ్తే ఏం చూడాల్సి వస్తుందో అతనికి తెలియక కాదు. ఆ వేళ్ళు చూసినప్పుడే తెలిసింది. కానీ బండి కింద ఉన్నంతసేపూ ఆవిడ తమ ఇంటికి వస్తున్నట్టే లెక్క. పరుపు మీద పడుకుని, దారి పొడుగునా తన డ్రైవింగుని ఎగతాళి చేస్తూ వస్తుంది. ఆ ఊహలోనే డ్రిల్లు తిప్పాడు.

ఇంట్లో ఫోను మోగింది. ఆగింది. ఆ తర్వాత ఇంట్లోంచి చప్పుడు లేదు.

ఎంతసేపటికో పాత ముక్క రాలి పడింది. "హమ్మయ్య," అన్నాడు. కొత్త షాక్ అబ్జార్బరు చోట్లో కూర్చోబెట్టి బోల్టు దూర్చాడు. అప్పుడు బండి పక్కన భార్య పాదాలు కనబడ్డాయి. చెప్పులు వేసుకుని ఉంది.

"ఆ పదిహేడో నంబరు పానా అందించు," అన్నాడు.

ఆమె వంగి అందించింది. మొహం కనబడలేదు, గాజుల చెయ్యి మాత్రం కనబడింది. పానా అతని అరచేతిలో పెట్టి ఒక్క క్షణం వదల్లేదు.

"ఏమే?"

"ఏం లేదు. చూసుకుని చెయ్యండి."

ఆ పాదాలు వెనక చక్రం దాకా వెళ్ళాయి. అడ్డం పెట్టగా జరిగిపోయిన రాయిని చెప్పుకాలితో చక్రం కిందికి గట్టిగా తోశాయి. తర్వాత గేటు వైపు సాగాయి. దారిలోకి ఏదో కొనడానికి వెళ్తోంది కాబోలనుకుని అతను నట్టు బిగించాడు.

ఎండ వాలే వేళకి చక్రం ఎక్కించి, జాకీ దించాడు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. వీధి చివరి గుంట దాకా పోనిచ్చి వెనక్కి వచ్చాడు. పలక మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు తొణకలేదు. ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. వైపర్లు కదిలాయి. ఎవరూ రాలేదు.

టైలరు మెడలో టేపుతోనే రోడ్డు దాటి వచ్చాడు. కిటికీ అంచు పట్టుకున్నాడు.

"మీ అత్తగారు మధ్యాహ్నమే పోయారు, పానా. చెల్లెమ్మ బస్సుకి వెళ్ళింది. నేను చెప్తానంటే వద్దంది. బండి కింద ఉన్న మనిషికి ఇలాంటి మాట చెప్పకూడదు, చెయ్యి వణుకుతుంది, పైకి లేచాకే చెప్పండి అంది."

అతను ఇంజన్ ఆపాడు. ఫోను అందుకుంటే నల్లటి వేళ్ళకి నంబర్లు సరిగా పడలేదు. రెండోసారి కలిసింది. అవతల బస్సు రొద.

"ఎక్కడున్నావ్?"

"సగం దారి దాటాను."

"బండి అయిపోయింది," అన్నాడు.

"నిదానంగా రండి," అంది ఆమె. "ఇక తొందరేం లేదుగా."

టైలరు భుజం తట్టి వెళ్ళిపోయాడు. అతను దిగి, ఇంటి మెట్ల దాకా వచ్చి ఆగాడు. దగ్గరగా వేసిన తలుపు పక్కన అతని సంచి ఉంది. ఆమె తనది తీసుకుపోయింది, దీన్ని వదిలింది. జిప్పు సగమే వేసి ఉంది. లోపల ఇస్త్రీ చొక్కా, దాని మీద తువ్వాలు, తువ్వాలు మీద జిడ్డు చేతులు కడుక్కోవడానికి కాగితంలో చుట్టిన కొత్త సబ్బు.